సమ్మె నోటీసు అందిన రోజే మా దారి గురించి కూడా కూర్చోండి

హనుమకొండ, వరంగల్, ములుగు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల కలెక్టర్లకు, ఆర్టీసీ వరంగల్ రీజినల్ మేనేజర్ గారికి, రవాణా శాఖ అధికారులకు, ఆర్టీసీ కార్మిక సంఘాల అన్నలకు, అక్కలకు నమస్కారం.

నేను పరకాలలో ఉంటాను. హనుమకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో డయాలసిస్ టెక్నీషియన్‌గా తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. చీకటి ఉండగానే పరకాల బస్టాండుకు వచ్చి పల్లెవెలుగు ఎక్కుతాను. గుడెప్పాడ్ క్రాస్ దగ్గర మా బస్సు ములుగు రోడ్డు మీదికి మళ్లేసరికి తెల్లవారుతుంది. ఏడు గంటలకల్లా మొదటి షిఫ్టు పేషెంట్లను రక్తం శుభ్రం చేసే డయాలసిస్ మిషన్ మీద పెట్టాలి. నేను అరగంట ఆలస్యమైతే ఆ వెనక షిఫ్టులన్నీ అరగంట జరుగుతాయి. ఆఖరి షిఫ్టులో ఉన్న మనిషికి ఊరికి పోయే చివరి బస్సు అందదు. అందుకే బస్సు అనే మాట నాకు ఉద్యోగంలో భాగం. మిషన్, నీళ్ల ప్లాంటు, సూదులు ఎంతో బస్సూ అంతే.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి పైగా ఊర్ల వాళ్లే. ములుగు అవతలి నుంచి, భూపాలపల్లి నుంచి, నర్సంపేట దిక్కు నుంచి వస్తారు. వారానికి మూడుసార్లు, వచ్చిన ప్రతిసారీ నాలుగు గంటలు మిషన్ మీద ఉండాలి. సోమ, బుధ, శుక్రవారాల వాళ్లు కొందరు, మంగళ, గురు, శనివారాల వాళ్లు కొందరు. ఆదివారం యూనిట్ ఉండదు. కిడ్నీలు పనిచేయని మనిషి ఒక్క వంతు తప్పితే ఒంట్లో నీరు ఊపిరితిత్తుల దాకా వస్తుంది, పడుకుంటే ఆయాసం, రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం. శనివారం వంతు తప్పినవాళ్ల లెక్క ఇంకా కష్టం. గురువారం చేయించుకున్న మనిషికి మళ్లీ వంతు వచ్చేది మంగళవారమే. నడుమ నాలుగు రోజులు ఖాళీ.

ఈ శనివారం సంగతి ఎందుకు చెప్తున్నానంటే, 2019 అక్టోబర్ 5న ఆర్టీసీ సమ్మె మొదలైంది శనివారమే. 2025 అక్టోబర్ 18న బీసీ రిజర్వేషన్ల బంద్‌కు బస్సులు డిపోల్లోనే ఉండిపోయిందీ శనివారమే. మొదటిసారి దసరా ముందు, రెండోసారి దీపావళి ముందు. పండుగకు పోయేవాళ్ల తిప్పలు టీవీలో చూపించారు. మిషన్ మీదికి రావాల్సినవాళ్లు ఆ కెమెరాల ముందుకు రారు. వాళ్లు ఇంట్లో మంచం మీద కూర్చొని, పడుకోలేక, ఎవరో ఒకరి బండి కోసం ఎదురుచూస్తుంటారు.

2025 మే మొదటి వారం సంగతి కూడా చెప్పాలి. ఏడో తారీకు నుంచి సమ్మె అని ఆర్టీసీ కార్మిక సంఘాల జేఏసీ ప్రకటించింది. మా దగ్గరికి వచ్చే ఒక పెద్దమ్మ సూది గుచ్చుతుంటే నా చెయ్యి పట్టుకొని, "బిడ్డా, బుధవారం సంది బస్సులు నడవయంట గదా, నేనెట్ల రావాలె?" అని అడిగింది. నాకు జవాబు తెలియదు. డాక్టరు గారిని అడిగితే ఆయనకూ తెలియదు. తెలిసినవాళ్ల ద్వారా డిపోలో అడిగిస్తే, పైనుంచి ఏమీ రాలేదన్నారు. మంత్రి పొన్నం ప్రభాకర్ గారితో చర్చలు జరిగి సమ్మె వాయిదా పడిందని వార్త వచ్చింది, అందరికీ మనసు నిమ్మళమైంది. ఆ మర్నాటి నుంచి ఈ మాట ఎవరూ ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నాను, ఎందుకంటే ఇప్పుడు సమ్మె లేదు. చేతిలో టైమ్ ఉన్నప్పుడు మాట్లాడుకోవాల్సిన ముచ్చట ఇది.

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తాను. సమ్మె చేయొద్దని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. మా మేనమామ ఆర్టీసీ కండక్టరు. 2019లో 52 రోజులు సమ్మెలో ఉన్నాడు. సెప్టెంబర్ జీతం కూడా చేతికి రాని నెల అది. సద్దుల బతుకమ్మ నాడు మా అత్త పిల్లలకు కొత్త బట్టలు తేలేదు, పక్కింటి వాళ్లు అడిగితే ఈసారి ఆనవాయితీ లేదని చెప్పింది. డ్యూటీకి రానివాళ్లు తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టేనని ప్రభుత్వం చెప్పినప్పుడు మామ మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఖమ్మంలో ఒక డ్రైవరు ఒంటికి నిప్పంటించుకొని చనిపోయాడని తెలిసిన రోజు ఇంట్లో ఎవరం మాట్లాడుకోలేదు. నవంబర్ 25న సమ్మె విరమించామన్నాక కూడా నాలుగు రోజులు డిపో గేటు దాటనివ్వలేదు, 29న డ్యూటీలోకి తీసుకున్నారు. ఆ 48 వేల కుటుంబాల్లో మాదొకటి. కాబట్టి సమ్మె ఎవరూ సంతోషంగా చేయరని నాకు తెలుసు.

అదే రెండు నెలలు నేను రోజూ పరకాల నుంచి హనుమకొండకు రావాల్సి వచ్చింది. మామ సమ్మె శిబిరంలో, నేను రోడ్డు మీద. పాల వ్యాను ఎక్కాను. పత్తి లోడు ట్రాలీ వెనక నిలబడి వచ్చాను. గుడెప్పాడ్ దాకా ఒక ఆటో, అక్కడ అరగంట నిలబడితే ములుగు నుంచి వచ్చే తుఫాన్ బండి, అందులో పదిహేను మంది. పొద్దున రావడం ఎంత కష్టమైనా వచ్చేదాన్ని, పొద్దు గూకినాక తిరిగి పోవడమే భయం. క్రాస్ దగ్గర చీకట్లో నిలబడి ఏ బండి ఎక్కాలో, ఏది ఎక్కొద్దో ముఖాలు చూసి తేల్చుకోవడం మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. పదిహేను రోజులైనాక మేం ఐదుగురం ఆడపిల్లలం కలిసి హనుమకొండలో ఒక గది కిరాయికి తీసుకున్నాం. ఆ నెల కిరాయి కట్టాక ఇంటికి పంపడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. రాలేకపోయిన తొమ్మిది రోజులకు అప్పటి మా యాజమాన్యం జీతం కోసింది.

ఇవన్నీ పోనీ. మా యూనిట్‌కు ములుగు అవతలి ఊరి నుంచి వచ్చే ఒకాయన ఆ అక్టోబర్‌లో వరుసగా రెండు వంతులు తప్పాడు. మూడో వంతుకు కొడుకు ట్రాక్టరు మీద తీసుకొచ్చాడు. ముఖం ఉబ్బి కళ్లు తెరుచుకోవడం లేదు. ఆ రోజు మేం ఆయనను కాపాడుకోగలిగాం. సాయంత్రం నాలుగింటికి ఆయన కొడుకు నన్ను అడిగిన మాట, "అక్కా, ఎల్లుండి ఎట్లా తేవాలె?" ఆయన వ్యాధి గురించి నేను నేర్చుకున్నదంతా ఆ ప్రశ్న దగ్గర అక్కరకు రాలేదు.

ఇక అసలు విషయం. సమ్మె వరద లాంటిది కాదు. వరద రాత్రికి రాత్రి వస్తుంది. ప్రజలకు అవసరమైన సర్వీసుల్లో సమ్మె చేయాలంటే 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే చెప్పింది. 2020లో చేసిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ 14 రోజుల గడువు ఉంది. అంటే నోటీసు యాజమాన్యం చేతిలో పడ్డ నాటికి ఇంకా రెండు వారాలుంది. ఆ రెండు వారాలు చర్చలకే అనుకుంటున్నారు. చర్చలు జరగాల్సిందే, సఫలం కావాల్సిందే. కానీ చర్చల గదిలో కూర్చునేవాళ్లు వేరు, పక్క గదిలో కూర్చొని ఏ ఊరి నుంచి ఎవరు రావాలో లెక్క రాసేవాళ్లు వేరు. ఆ రెండో గది ఇప్పటిదాకా తెరుచుకోలేదు.

2019లో ప్రభుత్వం చేసిన ఏర్పాటు మనందరం చూశాం. రోజుకు డ్రైవరుకు 1,500, కండక్టరుకు 1,000 ఇచ్చి తాత్కాలికంగా మనుషులను తెచ్చారు. అద్దె బస్సులు తిప్పారు, స్కూలు బస్సులు తిప్పారు. దసరా సెలవులు పొడిగించారు. రోజూ సాయంత్రం ఇన్ని బస్సులు తిరిగాయని ఒక లెక్క చెప్పేవాళ్లు, అన్ని తిరగలేదని సంఘాలు ఇంకో లెక్క చెప్పేవి. రెండు లెక్కలూ బస్సులవే. తిరిగిన బస్సులు ఎక్కువగా హైదరాబాద్ రోడ్డు మీదే కనిపించేవి, అక్కడ జనం ఎక్కువ, డబ్బులూ వస్తాయి. మంగపేట నుంచి, మహాదేవపూర్ నుంచి, చెన్నారావుపేట నుంచి ఎంతమంది రాగలిగారన్న లెక్క ఎవరి దగ్గరా లేదు. కొత్తగా స్టీరింగు పట్టినవాళ్ల చేతుల్లో ప్రమాదాలు కూడా జరిగాయి. బస్సు ఎక్కిన వాళ్లకూ ధైర్యం లేదు, శిబిరంలో కూర్చున్న మామ లాంటి వాళ్లకు గుండె మంట. సమ్మెను ఓడించడానికి బస్సు తిప్పడం ఒక పని, ఆగకూడని మనిషిని గమ్యానికి చేర్చడం ఇంకో పని. నేను రెండో పని గురించే అడుగుతున్నాను. అది చిన్న పని, కార్మికులు కూడా ఒప్పుకోగల పని.

మన ప్రాంతం మ్యాప్ ఒకసారి ముందు పెట్టుకోండి. రైలు ఉన్న ఊర్లు, లేని ఊర్లు అని రెండు రంగులు వేయండి. కాజీపేట నుంచి మూడు దిక్కులకు పట్టాలున్నాయి. సికింద్రాబాద్ వైపు ఘన్‌పూర్, జనగామ, ఆలేరు. బల్లార్షా వైపు హసన్‌పర్తి, జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల. విజయవాడ వైపు వరంగల్ దాటితే నెక్కొండ, కేసముద్రం, మహబూబాబాద్, డోర్నకల్. ఈ లైన్ల మీద ఉన్నవాళ్లకు సమ్మె రోజుల్లో కూడా ఒక దారి ఉంది. గోల్కొండ, శాతవాహన, భాగ్యనగర్ లాంటి బండ్లలో అప్పుడు కాలు పెట్టే జాగా ఉండదు, అది నిజమే. జనరల్ బోగీలు పెంచమని, చిన్న స్టేషన్లలో కూడా ఆ కొన్ని రోజులు ఆపమని దక్షిణ మధ్య రైల్వేకు కలెక్టర్ల నుంచి లేఖ పోతే పని అవుతుంది. ఆ లేఖ సమ్మె మొదలైన మూడో రోజు పోతే ఏం లాభం? నోటీసు అందిన మర్నాడే పోవాలి. పొద్దున షిఫ్టులకు సరిపోయే టైమ్‌లో కాజీపేట, వరంగల్ స్టేషన్ల ముందు ఆటోలు నిలబెట్టాలి. కాజీపేటలో దిగిన మనిషికి హనుమకొండ చేరడమే అసలు ప్రయాణం అవుతుంది, ఆరేడు కిలోమీటర్లు.

2011లో సకల జనుల సమ్మె జరిగినప్పుడు నేను ఇంటర్‌లో ఉన్నాను. 42 రోజుల ఆ సమ్మెలో ఆర్టీసీ, సింగరేణి, టీచర్లు అందరూ ఉన్నారు. రైల్ రోకోలు కూడా జరిగాయి. అప్పుడు మాకెవరికీ కోపం రాలేదు, కాలేజీకి నడిచి పోయాం, తెలంగాణ కోసమని పోయాం. దాన్నుంచి నేను తీసుకున్న పాఠం ఒకటుంది, రైలొక్కదాన్నే నమ్ముకొని ప్లాను గీయొద్దు.

రెండో రంగు వేసిన ఊర్లే మా బాధ. పరకాల, నర్సంపేట, ములుగు, ఏటూరునాగారం, మంగపేట, భూపాలపల్లి, కాటారం, మహాదేవపూర్. ఇక్కడ రైలు లేదు. హనుమకొండ నుంచి ఏటూరునాగారం వంద కిలోమీటర్లు. బస్సు ఆగితే అటు మనుషులకు ఆటో, జీపు, బైకు తప్ప ఇంకో దారి లేదు. ఆర్టీసీ వరంగల్ రీజియన్‌లో 9 డిపోలున్నాయి. ఏ డిపో ఆగినా రైలు ఆదుకునే ఊర్లు ఏవి, ఎవరూ ఆదుకోని ఊర్లు ఏవి అన్నది ఒక్క పూటలో రాయొచ్చు. ఆ రెండో జాబితాకే ముందు బండ్లు కేటాయించండి. హైదరాబాద్ రోడ్డుకు ఎవరూ కేటాయించకపోయినా పది రకాల బండ్లు వాటంతట అవే వస్తాయి.

బండ్లు ఎక్కడివంటారా? స్కూలు, కాలేజీ బస్సులు పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం దాకా ఖాళీగా నిలబడి ఉంటాయి. సెలవులిస్తే రోజంతా ఖాళీ. మోటారు వాహనాల చట్టం 87వ సెక్షన్ కింద రవాణా శాఖ తాత్కాలిక పర్మిట్ ఇవ్వొచ్చు, నాలుగు నెలలు దాటకుండా. జాతరలకు ఇచ్చేది ఆ పద్ధతిలోనే. ఏ స్కూల్లో ఫిట్‌నెస్ ఉన్న బస్సులెన్ని, వాటిని రోజూ నడిపే డ్రైవర్లెవరు, ఇన్సూరెన్సు ప్రయాణికులకు కూడా వర్తించాలంటే ఏం చేయాలి అన్నవి సమ్మె నాటికి కాదు, ఈ జూన్‌లో బడులు తెరిచేటప్పుడే కాగితం మీద ఉండాలి. ఆ బస్సును నడపాల్సింది దాన్ని రోజూ నడిపే డ్రైవరే. ఆర్టీసీ బస్సు మీదికి కొత్త మనిషిని ఎక్కించడం కన్నా ఇది మేలు, డిపో గేటు దగ్గర గొడవకూ తావుండదు.

మేడారం జాతర చేసేది ఈ అధికారులే కదా. రెండేళ్లకోసారి కోటి మందికి దగ్గరగా వచ్చే జాతరకు వేల బస్సులు తిప్పుతారు. తాడ్వాయి అడవిలో తాత్కాలిక బస్టాండు కడతారు, వచ్చే దారి వేరు, పోయే దారి వేరు పెడతారు, ఎక్కడ నీళ్లు, ఎక్కడ డాక్టరు అన్నీ ముందే రాసి పెడతారు. 2024 ఫిబ్రవరిలో నేను మా అమ్మను తీసుకొని పోయాను. అంత జనంలో లైను కట్టి బస్సెక్కి, నిలబడైనా సరే తెల్లారేసరికి ఇల్లు చేరాం. అమ్మవార్ల దగ్గరికి మమ్మల్ని అంత జాగ్రత్తగా చేర్చిన చేతులకు, నలభై మంది డయాలసిస్ పేషెంట్లను హనుమకొండకు చేర్చడం రాదంటే నేను నమ్మను.

ఆటో అన్నల గురించి కూడా రాయాలి. సమ్మె రోజుల్లో ఆటోవాళ్లు దోచుకుంటారన్న మాట అందరూ అంటారు. నేను కూడా మూడింతలు ఇచ్చిన రోజులున్నాయి. కానీ వాళ్ల సంగతి వాళ్లకుంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైనాక మా రోడ్డు మీద షేర్ ఆటో నడిపేవాళ్లకు కిరాయిలు పడిపోయాయి. ఫైనాన్సు కిస్తీలు కట్టలేక బండి అమ్మినవాళ్లు మా వాడలోనే ఉన్నారు. సమ్మె వాళ్లకు నాలుగు డబ్బులు చూసే రోజు. అది తప్పని నేను అనను. ఎంత అన్నది ముందే తేలి ఉండాలి, అంతే. పరకాల నుంచి హనుమకొండకు ఇంత, ములుగు నుంచి ఇంత, నర్సంపేట నుంచి ఇంత అని ఆటో యూనియన్లను పిలిచి, కూర్చోబెట్టి, వాళ్ల డీజిల్ లెక్క కూడా విని ఒక రేటు రాయండి. దానిమీద రవాణా అధికారి సంతకం పెట్టించి అడ్డా దగ్గర, బస్టాండు గేటు మీద, ఆస్పత్రుల ముందు పెద్ద అక్షరాలతో కట్టండి. చదవలేని వాళ్ల కోసం పంచాయతీ మైకులో చెప్పించండి. ఎంతమందిని ఎక్కించాలో కూడా రాయండి. ఆటోకు పర్మిట్ ఉండేది డ్రైవరు కాకుండా ముగ్గురికి, మా రోడ్డు మీద సమ్మె లేని రోజుల్లోనే ఎనిమిది మంది ఉంటారు. సమ్మె రోజుల్లో డ్రైవరుకు రెండు పక్కలా ఇద్దరేసి వేలాడుతుంటారు, బైపాస్ దగ్గర పోలీసులు కూడా పోనీలే అని వదిలేస్తారు. గ్రానైట్ లారీలు, ఇసుక లారీలు పోయే రోడ్డు అది. ఆ పోనీలే నాకు భయం.

ఉచిత బస్సు గురించి ఇంకో మాట. దీన్ని ఎవరూ ఆలోచించినట్టు లేదు. 2019లో సమ్మె వచ్చినప్పుడు ఆడవాళ్ల దగ్గర బస్సు కిరాయికని కొంత డబ్బు పక్కన ఉండేది. దానికి ఇంకొంత కలిపి ఆటోకు ఇచ్చాం. ఇప్పుడు ఆ డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోయింది. వరంగల్ చౌరస్తా బట్టల షాపుల్లో, జేపీఎన్ రోడ్డు దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లలు ఊరి నుంచి వచ్చి పోవడానికే వాళ్ల జీతం గిట్టుబాటు అయ్యేది బస్సు ఉచితం కాబట్టి. బస్సు ఆగితే రోజుకు ఆటోకు రెండు వందలు పెట్టి, నాలుగు వందల కూలికి ఎవరొస్తారు? ఇంట్లోనే ఉంటారు. పది రోజులు ఇంట్లో ఉంటే షాపులో ఇంకొకరు వచ్చి చేరుతారు. బస్సు మీద మనం ఇంతకుముందు కన్నా ఎక్కువ ఆధారపడ్డాం. అది మంచిదే. అందుకే బస్సు ఆగే రోజు కోసం తయారు కావడం కూడా ఇంతకుముందు కన్నా ఎక్కువ అవసరం.

యాజమాన్యాలకు కార్మిక శాఖ నుంచి ఒక సర్క్యులర్ పోవాలి. సమ్మె రోజుల్లో రాలేకపోయిన దూరప్రాంత ఉద్యోగికి జీతం కోయొద్దని, సెలవు కింద రాసుకోమని. ఆస్పత్రులు, షాపులు, నూలు మిల్లులు షిఫ్టు టైమ్ ఒక గంట అటూ ఇటూ మార్చుకుంటే నలుగురు కలిసి ఒకే బండిలో రాగలుగుతారు. కాకతీయ యూనివర్సిటీ, కాలేజీలు సమ్మె నోటీసు చూసి పరీక్ష తేదీ ముందే జరపాలి, పరీక్ష రోజు పొద్దున కాదు.

డయాలసిస్ వరకు నాకు తెలిసిన పని కాబట్టి వివరంగా చెప్తాను. ఇప్పుడు ఏరియా ఆస్పత్రుల్లో కూడా సర్కారు డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. హనుమకొండకు, వరంగల్‌లోని ఎంజీఎం పెద్దాస్పత్రికి వచ్చే పేషెంట్లలో కొందరి ఊరికి దగ్గర్లోనే ఒక కేంద్రం ఉంటుంది. సమ్మె రోజుల్లో తాత్కాలికంగా అక్కడ చేయించుకునేలా ఆరోగ్యశ్రీ అనుమతి ఒక్క ఫోన్‌తో మారాలి. పేషెంట్ ఫైలు, హెపటైటిస్, హెచ్ఐవీ రిపోర్టులు, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు) ఎంత, సూది ఏ చేతికి అన్నవి ఒక పేజీలో రాసి పేషెంటు చేతికి ఇప్పటి నుంచే ఇవ్వాలి. కొత్త కేంద్రంవాళ్లు అది చూసి భయం లేకుండా ఎక్కించుకుంటారు. నేను మా యూనిట్‌లో ఈ పేజీలు రాయడం మొదలుపెట్టాను. అట్లా దగ్గర కేంద్రాల్లో సర్దగా మిగిలినవాళ్లకే బండి కావాలి. అప్పుడు బండ్లు చాలా తక్కువ సరిపోతాయి. 108 బండిని వీళ్లకు వాడమని నేను అడగను, అది యాక్సిడెంట్లకు, గుండెపోటుకు, కాన్పులకు ఉండాలి. వేరే బండే కావాలి.

ఇప్పుడు సంఘాల అన్నలకు, అక్కలకు. ఆస్పత్రుల్లో మా జూనియర్ డాక్టర్లు సమ్మె చేసినా క్యాజువాలిటీ ఆపరు. ఓపీ ఆపుతారు. వాళ్ల డిమాండ్ల బరువు దానివల్ల తగ్గదు, జనం వాళ్ల వైపే నిలబడతారు. మీరు కూడా నోటీసులోనే ఒక పేరా రాయండి. రైలు లేని రూట్లలో పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు మేమే నడుపుతాం, డయాలసిస్, క్యాన్సర్ పేషెంట్లకు, గర్భిణులకు, పరీక్ష రాసే పిల్లలకు ముందు జాగా అని. జీతం లేకుండా నడపమని కాదు, ఆ ట్రిప్పుకు డ్యూటీ రాయించుకోండి. నేను ఈ మాట మా మామతో అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "సమ్మెల ఒక్క బస్సు బయటికొచ్చినా అది విరిగినట్టేనని చెప్తరు బిడ్డా" అన్నాడు. తర్వాత, "అయితే మేమే పంపినమని ముందే చెప్తే అది విరిగినట్టు కాదు" అని తనే అన్నాడు. మామ రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు. 2023లో ఆర్టీసీ కార్మికులను ప్రభుత్వంలోకి తీసుకునే చట్టం వచ్చినప్పుడు స్వీట్లు పంచాడు. ఆ చట్టం కాగితం దాటి అమలు కావాలని ఆయన అడగడం న్యాయమని నేను అనుకుంటాను. ఆయన అడిగినప్పుడు నా పేషెంట్లు కూడా ఆయన పక్కన ఉండాలని నా కోరిక.

మేం మా వంతు ఏం చేస్తున్నామో కూడా చెప్పాలి, అంతా సర్కారు మీదే వేయడం నాకిష్టం లేదు. పరకాల నుంచి రోజూ హనుమకొండకు పోయివచ్చే మేం ముప్పై మందిమి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఎవరికి బైకుంది, ఎవరు ఎన్ని గంటలకు బయల్దేరతారు, వెనక కూర్చునేవాళ్లకు హెల్మెట్ ఉందా అన్నవి రాసుకున్నాం. ఆడవాళ్లు ఒంటరిగా కాకుండా ఇద్దరిద్దరు పోవాలని, పొద్దు గూకినాక క్రాస్ దగ్గర దిగాల్సి వస్తే గ్రూపులో చెప్పాలని మాట్లాడుకున్నాం. పెట్రోలు ఖర్చు పంచుకుంటాం, అంతకు మించి ఎవరూ తీసుకోరు. సొంత కారుకు కిరాయి తీసుకుంటే యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ మొండిచెయ్యి చూపుతుందని మాలో ఒక లాయరమ్మ చెప్పింది. హనుమకొండలో ఇల్లున్న ఇద్దరు అక్కలు, అవసరమైతే రాత్రి ఉండండి అని ముందే చెప్పారు. బైకు మీద మేం కుదురుగా ఉన్నవాళ్లం పోగలం. డయాలసిస్ అయినాక బీపీ పడిపోయి కాళ్లు తడబడే మనిషిని యాభై కిలోమీటర్లు బైకు వెనక కూర్చోబెట్టలేం. మా గ్రూపు చేయగలిగింది అక్కడితో ఆగిపోతుంది.

వచ్చే సోమవారం నేను సెలవు పెట్టి హనుమకొండ కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వస్తున్నాను. నా దగ్గర ఒక కాగితం ఉంటుంది. మా యూనిట్‌కు ఊర్ల నుంచి వచ్చే 38 మంది ఏ ఊరు, ఏ రూటు, ఏ రోజుల వంతు, ఎన్ని గంటలకు ఇక్కడ ఉండాలి, ఎన్ని గంటలకు వదిలేస్తాం అని రాసి ఉంటుంది. పేర్లు రాయలేదు, ఊర్లే రాశాను. ములుగు రోడ్డు మీద 14 మంది, పరకాల, భూపాలపల్లి రోడ్డు మీద 13 మంది, నర్సంపేట రోడ్డు మీద 11 మంది. మూడు రోడ్లకు మూడు బండ్లు చాలు. మిగతా ఆస్పత్రుల వాళ్లను కూడా ఇట్లాగే రాసివ్వమని మీరు ఒక మాట చెప్పండి. ఆ కాగితాన్ని ఎవరి చేతికి ఇవ్వాలో, ఆ అధికారి ఎవరో ఆ రోజు నాకు చెప్తే చాలు. నోటీసు వచ్చిన రోజు నేను ఆయనకే ఫోన్ చేస్తాను.

ఇట్లు,
పరకాల నుంచి హనుమకొండకు రోజూ వచ్చే ఒక డయాలసిస్ టెక్నీషియన్